కొసరుపేరు

పోర్ట్‌నాకీ,
ఫిబ్రవరి 9, 2005

ఎల్సీ,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు బాగానే ఉంటావు. చచ్చింది బాబిన్ కదా.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో, చేశాను. "డాక్టర్ మెయిర్ మీటింగ్‌లో ఉన్నారండీ, మీరెవరు?" అని అడిగింది ఎవరో పిల్ల. మీ డాక్టర్ మెయిర్‌కి చిన్నప్పుడు ముక్కు తుడిచినదాన్ని అని చెబుదామనుకున్నాను. మళ్ళీ ఆ పిల్లనెందుకు బెదరగొట్టడం అని పెట్టేశాను. కాగితం మీద తిడితే ఒక సుఖం ఉంది. మధ్యలో నువ్వు అడ్డం రాలేవు.

పోయిన వారం మంగళవారం నీ ల్యాబ్ నుంచి కవరు వచ్చింది. ఆ రోజు నేను ఊళ్ళో లేను. లిజ్జీ పెద్దమ్మని ఆసుపత్రి నుంచి తీసుకురావడానికి ఎల్గిన్ వెళ్ళాను. తుంటి విరిగి నెల్లాళ్ళుగా ఆవిడ అక్కడే ఉంది. ఆ నెల్లాళ్ళూ ఆవిడ పిల్లి మా పిల్లుల ఆశ్రమంలో కింద గూట్లో ఉంది. నేను లేను కాబట్టి కవరు రన్సీ విప్పాడు. రన్సీ ఎవరో గుర్తుందిగా, ఎడిన్‌బరోలో రిటైరై సముద్రపు గాలి కోసం ఇక్కడికొచ్చి, వచ్చిన ఏడాదికే మా పిల్లుల కమిటీకి కార్యదర్శి అయిపోయిన మహానుభావుడు. అందులో ఉన్నది ఇంతే: "జి. మెయిర్, మగపిల్లి, బూడిద చారలు. ఎఫ్‌ఐవీ వైరస్ ఉంది." కింద నీ సంతకం.

గూళ్ళలో ఉన్న జి. మెయిర్ ఒక్కడే, లిజ్జీ పెద్దమ్మ జార్జి, అదే మన ముద్దుపేరులో జోర్డీ. వైరస్ ఉన్న పిల్లి ఈ కప్పు కింద ఉండకూడదని కమిటీ రూలు. మధ్యాహ్నానికల్లా పశువుల డాక్టరమ్మ వచ్చి సూది వేసి వెళ్ళిపోయింది. నేను పెద్దమ్మని ఇంటి దగ్గర దింపి, పొయ్యి రాజేసి, "కూర్చో, నీ వాణ్ణి ఇప్పుడే తెస్తా" అని చెప్పి వచ్చాను. వచ్చేసరికి గూడు కడిగేసి ఉంది. ఫినాయిల్ వాసన. లోపల ఆవిడ పాత స్వెట్టరు మడతపెట్టి ఉంది, వాడు దాని మీద పడుకునేవాడు.

గురువారం రెండో కవరు వచ్చింది. "జి. మెయిర్, మగపిల్లి, బూడిద చారలు. వైరస్ లేదు." కింద మళ్ళీ నీ సంతకం.

ఏమే, ఏ జి. మెయిర్? నీకు పంపిన నెత్తురు గొట్టాల మీద నేను నా చేత్తో రాశాను. ఒకదాని మీద జోర్డీ మెయిర్ బాబిన్. రెండోదాని మీద జోర్డీ మెయిర్ డీకన్. ఒకడు లిజ్జీ పెద్దమ్మ వాడు, గూట్లో చేరిన పిల్లి కాబట్టి పరీక్షకి పంపాల్సి వచ్చింది. రెండోవాడు మన వాడు, నాన్న పోయాక నా గదిలో ఉంటున్న నాన్న పిల్లి. శరదృతువులో క్వారీ దగ్గరి అడవి పిల్లి వాడి మెడ కొరికి చీల్చిందని, పనిలో పనిగా వాడి నెత్తురు కూడా పంపాను.

ఈ ఊళ్ళో సగంమంది మెయిర్లే అనీ, ఆ సగంలో సగంమంది జార్జిలే అనీ నీకు వేరే చెప్పాలా? అందుకే కదా ముత్తాతల నాటి నుంచీ ఇంటిపేరు మీద కొసరుపేరు వేసుకుంటున్నాం. వల దారం కండెలు చుట్టిన ముసలమ్మ ఇంటివాళ్ళు బాబిన్లు. తుఫానులో పడవ మీద చర్చి పెద్దలా గొంతు చించుకుని ప్రార్థన చేసిన తాత ఇంటివాళ్ళం మనం డీకన్లం. ఓటర్ల జాబితాలో కొసరుపేరు ఉంటుంది, సమాధి రాయి మీద ఉంటుంది, అది లేని ఉత్తరాన్ని పోస్టుమాన్ చేతిలో తిప్పుతూ నిలబడతాడు. మనుషులకి ఉన్నట్టే మన ఊరి పిల్లులకీ ఉంటుంది. నీ కాగితం మీదే లేదు.

చచ్చినవాడికి రోగం ఉందా, లేదా? ఒక్క ముక్క రాయి. నీ సలహాలు వద్దు.

ఐనా


గ్లాస్గో,
ఫిబ్రవరి 14

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. తిట్లన్నీ అందాయి. లిజ్జీ పెద్దమ్మ సంగతి విని నాకూ మనసు పాడైంది, నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్యి.

కానీ నేరమంతా నా నెత్తిన రుద్దకు. మా ఫారాల్లో పేరుకి ఒక గడి, ఇంటిపేరుకి ఒక గడి ఉంటాయి. ఊరి ముద్దుపేర్లకి గడి లేదు. పోయినేడు నువ్వు పంపిన ఇంకో డీకన్ ఇంటి పిల్లి గొట్టం చేత్తో పట్టుకుని ఒక పెద్ద ప్రొఫెసరు అందరి ముందూ చదివాడు. "డీకనా? ఈ పిల్లి ఆదివారాలు ప్రసంగం కూడా చేస్తుందా?" అన్నాడు. గది గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయను? నేను తప్ప ఆ గదిలో ఇంకో మెయిర్ లేరు. ఆ రోజు నుంచి ఆ పేర్లు టైపు చేయడం మానేశాను.

అయినా ఒక్క కాగితం చూసి, ఒక మాట అడక్కుండా, రెండోసారి పరీక్ష చేయించకుండా ఒక ప్రాణిని చంపమని నేను రాశానా? "ఉంది" అని రాశాను. అంతే. ఉన్నంత మాత్రాన చంపాలని ఎవరు చెప్పారు? ఈ వైరస్‌తో పిల్లులు ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతాయి. మా వరండాలో ఒకటి ఉంది, నాకంటే బాగా తింటుంది. తిట్టాలంటే వెళ్ళి మీ రన్సీని తిట్టు. ఇన్నేళ్ళుగా ఆ రూలు గోడకి వేలాడుతుంటే చూస్తూ ఊరుకున్న కమిటీని తిట్టు. అందులో నువ్వూ ఉన్నావు.

చూడు అక్కా, పాత గొట్టాలు ఇప్పుడు వెతికి తీయడం కష్టం. ఎక్కడో ఫ్రీజర్ అడుగున ఉంటాయి, ఉంటాయో లేవో కూడా తెలియదు. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఏ జోర్డీకి ఉందో తెలిసినా వాడు తిరిగి రాడు. పెద్దమ్మకి మంచి పిల్లని ఒకదాన్ని చూసి ఇవ్వు, కాస్త మరిచిపోతుంది.

డీకన్ ఎలా ఉన్నాడు? బాగా తింటున్నాడా? చిగుళ్ళు ఎర్రబడి ఉన్నాయేమో ఒకసారి నోరు తెరిచి చూడు. ఉంటే మెత్తటి తిండి పెట్టు. బయటికి వదలకు.

ఎల్స్‌పెత్


పోర్ట్‌నాకీ,
ఫిబ్రవరి 20

ఎల్సీ,

నాలుగేళ్ళప్పుడు నాన్న వలకత్తి సముద్రంలో పడేసి వచ్చి, "చూడు అక్కా, అసలేమైందంటే" అని మొదలుపెట్టావు. ఇప్పటికీ నువ్వు అబద్ధం ఆడేముందు "చూడు అక్కా" అంటావు. పదేళ్ళుగా నాన్న పిల్లి ఉన్నాడో పోయాడో అడగనిదానివి, ఇప్పుడు వాడి చిగుళ్ళ మీద నీకు ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందే! నోరు తెరిచి చూశాను. ఎర్రగానే ఉన్నాయి. నా వేలు కూడా కొరికాడు.

సరే, అది పక్కనపెట్టు. ఇక్కడేం జరుగుతోందో విను.

రన్సీ కొట్లో నిలబడి అందరికీ చెప్పాడు, లిజ్జీ బాబిన్ పిల్లికి "పిల్లి ఎయిడ్స్" అని. ఆ రెండో మాట ఉందే, అది వినగానే జనానికి పిల్లి గిల్లి అన్నీ మాయమైపోయాయి. లిజ్జీ పెద్దమ్మకి డెబ్భై తొమ్మిదేళ్ళు. భర్తనీ కొడుకునీ ఒకే పడవతో పోగొట్టుకుంది. ఆ తర్వాత ఈ ఊళ్ళో కాన్పు జరిగిన ప్రతి ఇంటికీ చారు గిన్నె పట్టుకెళ్ళిన మనిషి. ఇప్పుడు కొట్లో పిల్ల చిల్లర ఆవిడ చేతిలో పెట్టదు, బల్ల మీద పెట్టి వేలితో తోస్తుంది. వారం వారం వచ్చి జుట్టు చుట్టిపెట్టే నాన్సీ జలుబని కబురు పంపింది. ఏ జలుబే? నిన్న రేవులో బొంగురు లేకుండా కేకలేస్తోంది, నేనే విన్నాను.

పెద్దమ్మ నన్ను ఏమడిగిందో తెలుసా? "ఐనా, వాడి గిన్నె నేను నా సింకులోనే కడిగేదాన్ని. నాకూ వచ్చిందంటావా? నా వల్ల ఎవరికైనా అంటుకుంటుందంటావా?" అంటుకోదని చెప్పాను. ఎందుకు అంటుకోదు అంది. నాకేం తెలుసు? నాకు చెప్పాల్సినదానివి నువ్వు. పదిహేనేళ్ళుగా దాని వెనకే తిరుగుతున్నావు కదా. వరసపెట్టి పేపర్లు రాస్తావు కదా. ఒక ముసలావిడకి అర్థమయ్యేలా చెప్పు. అది పిల్లి ఒంట్లోకి ఎలా దూరుతుంది? ఎక్కడ పట్టుకుంటుంది? ఎందుకు పట్టుకుంటుంది? గిన్నెలోంచి వస్తుందా, చేతిలోంచి వస్తుందా?

ఆ ఫ్రీజర్ కూడా వెతుకు. లేదా వచ్చి నేనే వెతుకుతాను. నాకు సీనియర్ సిటిజన్ బస్ పాస్ ఉంది.

ఐనా


గ్లాస్గో,
ఫిబ్రవరి 27

అక్కా,

నిజం కావాలన్నావుగా. ఇదిగో, తీసుకో.

గొట్టాలు నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే తీశాను. రెండూ ఉన్నాయి, రెండింటి మీదా నీ చేతిరాత ఉంది. మళ్ళీ పరీక్ష చేశాను, ఒకసారి కాదు. బాబిన్‌కి ఏమీ లేదు. శుభ్రమైన నెత్తురు. వైరస్ ఉన్నది డీకన్‌కి. క్వారీ పిల్లి కాటుతో వచ్చి ఉంటుంది.

ఇప్పుడు తృప్తిగా ఉందా? నేనెందుకు చెప్పలేదో నీకు తెలియదా? నువ్వుండేది ఆశ్రమం మేడ మీద గదిలో. ఆ కప్పు కింద వైరస్ ఉన్న పిల్లి ఉండకూడదు. మీ కమిటీ రూలే అది. ఈ మాట బయటికి వస్తే రన్సీ డీకన్‌కి కూడా సూది వేయిస్తాడు. వద్దంటే నిన్నూ వాణ్ణీ కలిపి బయటికి పంపుతాడు. అరవై మూడేళ్ళ వయసులో పిల్లిని చంకనేసుకుని ఎక్కడికి పోతావు? నా ఇంటికి రమ్మంటే రావు. నిన్ను కాపాడదామని నోరు మూసుకున్నాను. దానికి నాకు దక్కింది వలకత్తి కథ.

నీ రెండో ప్రశ్నకి కూడా జవాబు రాస్తున్నాను. పెద్దమ్మకి చదివి వినిపించు. మొదటి భాగం మాత్రం వినిపించకు.

వైరస్ అంటే కొవ్వుపొర చుట్టుకున్న ఒక చిన్న ఉండ. పొర మీద బుడిపెలు ఉంటాయి. ఒక పిల్లి ఇంకో పిల్లిని లోతుగా కరిస్తే ఉమ్ముతో పాటు కండలోకి, నెత్తురులోకి దిగుతుంది. దిగినంత మాత్రాన ఎదురొచ్చిన ప్రతి కణంలోకీ దూరలేదు. కణాల మీద రకరకాల పిడులుంటాయి, కణం తన సొంత పనుల కోసం పెట్టుకున్నవి. వాటిలో ఒకదాన్ని మేము సీడీ 134 అంటాం. బుడిపె వెళ్ళి ఆ పిడిని పట్టుకుంటుంది. పట్టుకోగానే బుడిపె మెలిక తిరిగి, అప్పటిదాకా మడతలో దాచుకున్న భాగం బయటపడుతుంది. ఆ భాగం పక్కనే ఉన్న రెండో పిడిని పట్టుకుంటుంది. మొదటిది చిక్కకపోతే రెండోది దొరకదు. రెండూ చేతికి చిక్కాక వైరస్ పొరా కణం పొరా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, లోపలి సరుకు కణంలోకి జారిపోతుంది. అక్కడ తన రాతని కణానికి అర్థమయ్యే రాతలోకి మార్చి, కణం సొంత పుస్తకం మధ్యలో కుట్టేస్తుంది. ఆ తర్వాత ఆ కణం తన పని తాను చేసుకుంటున్నాననుకుంటూ వైరస్‌లు తయారుచేస్తుంది.

ఇంకో సంగతి. ఆ మొదటి పిడి నిద్రపోతున్న కణాల మీద దాదాపు ఉండదు. ఒంట్లోకి ఏదో చొరబడిందని తెలిసి పోట్లాటకి లేచిన సహాయక కణాల మీదే ఎక్కువగా మొలుస్తుంది. ఒంటిని కాపాడదామని ఏ కణం మండిపడి లేస్తుందో, ముందు దాన్నే పట్టుకుంటుంది. అలా కాపలావాళ్ళు ఒక్కొక్కళ్ళే తగ్గిపోతారు. ఏళ్ళు పడుతుంది. కొన్ని పిల్లులకి ఆ ఏళ్ళు గడిచేలోపే ముసలితనం వచ్చేస్తుంది.

మనుషుల్లో వచ్చేది దీనికి చుట్టమే. కుటుంబం ఒకటి కాబట్టి తలుపు కూడా ఒకటే అయి ఉంటుందని మొదట్లో మేమంతా అనుకున్నాం. కాదు. మనుషులదానికి మొదటి పిడి వేరు, పిల్లులదానికి వేరు. ఆ పిడి ఏదో తేలింది పోయినేడే. పిల్లిది మనిషికి రాదు. గిన్నెలోంచి, స్వెట్టరులోంచి, సింకులోంచి రాదు. ఒంటి బయట ఎంతోసేపు బతకదు. పోట్లాడుకోని పిల్లులు ఒకే ఇంట్లో ఉన్నా సాధారణంగా ఒకదాన్నుంచి ఒకదానికి రాదు. పెద్దమ్మకి చెప్పు, ఆవిడ చేతులు శుభ్రంగా ఉన్నాయని.

ఈ ఉత్తరం కాల్చెయ్.

ఎల్స్‌పెత్


పోర్ట్‌నాకీ,
మార్చి 22

ఎల్సీ,

కాల్చలేదు. టీ డబ్బాలో పెట్టాను. మూడు వారాలు జవాబు రాయలేదని నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావట. చేస్తే చేశావు.

ఈ మూడు వారాలూ నేనేం గొప్ప పని చేయలేదు, నీకంటే మెరుగ్గా ఏమీ లేను. డీకన్ ఒళ్ళో పడుకుంటే వాడి మెడ మీద మానిన మచ్చ నిమురుతూ, లిజ్జీ పెద్దమ్మకి రేపు చెబుతాలే, ఎల్లుండి చెబుతాలే అనుకుంటూ కూర్చున్నాను. నీ ఉత్తరంలో రెండో భాగం మాత్రం చదివి వినిపించాను. పెద్దమ్మ చివరిదాకా విని, "మరి నా వాడెవడితోనూ కొట్లాడలేదే, గడప దిగేవాడు కాదే, వాడికి ఆ కాటు ఎక్కడిది?" అంది. ఏమో పెద్దమ్మా అన్నాను. ఆ 'ఏమో' అన్నందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది.

మొన్న ఆదివారం చర్చి హాల్లో టీ. పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చింది, ఆసుపత్రి తర్వాత మొదటిసారి. అందరికీ పువ్వుల కప్పులు, ఆవిడ ముందు అట్టతో చేసిన కప్పు, పారేసేది. ఆవిడ దాన్ని చూసింది, తాగింది. అయిపోయాక రన్సీ రబ్బరు గ్లవుజు తొడుక్కుని వచ్చాడు దాన్ని తీయడానికి. గ్లవుజు, ఎల్సీ! నాకు ఒళ్ళంతా భగ్గుమంది. ఆ కప్పు వాడి చేతిలోంచి లాక్కుని, అడుగున మిగిలిన టీ నేను తాగేశాను.

"ఇదేం పని, మిస్ మెయిర్?" అన్నాడు.

"నీకు గ్లవుజు కావాలంటే నా కప్పుకి తొడుక్కో. ఆ రోగం బాబిన్‌ది కాదు. బాబిన్‌కి ఏ రోగమూ లేదు, ఊరికే చంపారు వాణ్ణి. రోగం మా డీకన్‌కి. నెలన్నరగా ఈ కప్పులన్నీ కడుగుతున్నది నేనే, మీరందరూ తాగుతున్నది నా చేతి టీయే. ఎవరైనా చచ్చారా?"

నాన్సీ చేతిలోని బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది. రన్సీ గొంతు సవరించుకున్నాడు. "మరి కాగితం మీద జి. మెయిర్ అని..."

"ఈ హాల్లో జి. మెయిర్లు లేచి నిలబడండి!" అని అరిచాను. ఆరుగురు లేచారు. "వీళ్ళలో ఎవరికి సూది వేయిస్తావు, చెప్పు?"

అప్పుడు కొంతమంది నవ్వారు. నేను నవ్వలేదు, పెద్దమ్మా నవ్వలేదు. ఆవిడ నన్ను చూస్తూ ఉంది. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగింది. మూడు వారాల నుంచి అన్నాను. కర్ర తీసుకుని ఒక్కతే నడుచుకుంటూ ఇంటికి పోయింది. నేను వెంట వెళ్ళబోతే కర్ర అడ్డం పెట్టింది.

సోమవారం పొద్దున్న రన్సీ కాగితం తెచ్చాడు. శనివారం లోపల పిల్లి పోవాలి, లేకపోతే గది ఖాళీ చేయాలి. నీ రెండో భాగమంతా వాడికి చదివాను, పిడులూ బుడిపెలూ అన్నీ. "ఇదంతా బాగుంది మిస్ మెయిర్, కానీ రూలంటే రూలే" అన్నాడు. ఆ రూలు గోడ మీద నుంచి పీకి వాడి చేతిలోనే పెట్టాను. నువ్వన్నది నిజం, ఇన్నాళ్ళూ దాని కింద నిలబడే టీ తాగాను. వాడు మళ్ళీ వేలాడదీశాడు. నేను పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

నిన్న మధ్యాహ్నం మెట్ల మీద టక్ టక్ మని చప్పుడు. లిజ్జీ పెద్దమ్మ. అతికిన తుంటితో మేడెక్కి వచ్చింది, ముఖం తెల్లగా పాలిపోయింది.

"వాణ్ణి ఇటియ్యి" అంది.

"పెద్దమ్మా, వాణ్ణేం చేస్తావు?"

"ఏం చేస్తాననుకున్నావు? నేను రన్సీనా? నా ఇంట్లో ఇంకో పిల్లి లేదు, లేకుండా చేశారు మీరు. వీడెవణ్ణి కరుస్తాడు? నన్నా? నాకు రాదని నీ చెల్లెలు రాసిందిగా. తలుపేసి ఉంచుతాను. మెత్తటి చేప పెడతాను. బుట్టలో పెట్టు, నేను మోయలేను, నువ్వు మొయ్యి."

నేను అప్పుడు ఒక వెధవ మాట అన్నాను. ఏడుపు ఆగక అన్నాను. "వీణ్ణి ఇక బాబిన్ అని పిలుచుకో పెద్దమ్మా, నీ ఇంటివాడే అనుకో" అన్నాను.

ఆవిడ మెట్టు మీద ఆగిపోయింది. అంత కోపంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"బాబిన్ అంటే చచ్చిపోయినవాడు. ఆ పేరు వాడిది. ప్రాణం తీశారు, గూడు కడిగేశారు, రోగిష్టి అని ఊరంతా చాటారు. ఇక ఆ పేరొక్కటే ఉంది వాడికి. అది తీసి ఇంకొకడికి తగిలిస్తావా? వీడు డీకన్. నా ఇంట్లో ఉన్నంతకాలం డీకన్‌గానే ఉంటాడు."

పిల్లిని దింపి వచ్చాను. స్వెట్టరు మీద పడుకోనివ్వలేదట, వాడికి వేరే దుప్పటి వేసింది. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడదు. నాకా గది మిగిలింది, పిల్లి లేని గది. నిన్న సాయంత్రం, మళ్ళీ ఇవాళ పొద్దున్న వెళ్ళి కిటికీలోంచి చూసి వచ్చాను. వాడు లోపలి నుంచి నన్ను చూసి నోరు తెరిచాడు.

నీకు ఆవిడ చెప్పమన్నది ఒకటే. ఆ కాగితం మళ్ళీ రాయాలి, పేరు పూర్తిగా ఉండాలి. పోస్టులో పంపితే ఒప్పుకోదు. నువ్వే తెచ్చి, రన్సీ ఏ కొట్లో నిలబడి చాటాడో ఆ కొట్టు అద్దానికి నీ చేత్తో అంటించాలి.

నా తరఫున కూడా ఒక మాట. నీ వైరస్ సంగతి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నెత్తురులో తిరిగే కంటికి కనపడని ఆ ఉండ కూడా ఇంటిపేరు చూసి తలుపు తట్టదు కదే! ఏ కణం ఏదో, దాని మీద ఏ పిడి ఉందో చూసుకునే పట్టుకుంటుంది. దానికున్న శ్రద్ధ నీకు లేకపోయింది. ఎవడో ప్రొఫెసరు నవ్వాడని ఒక పేరు కొట్టేశావు. నీ సొంత పేరులోంచి కూడా కొట్టేశావు, గ్లాస్గో వెళ్ళిన మొదటి ఏడే. నాన్న నీ మొదటి ఉత్తరం కవరు తిరగేసి తిరగేసి చూసి, "ఈ ఎల్స్‌పెత్ మెయిర్ ఎవరే?" అని నన్నడిగాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను, ఎందుకంటే ఇవాళ నిన్ను నొప్పించాలని ఉంది.

ఐనా


గ్లాస్గో,
మార్చి 26

అక్కా,

నొప్పించావు.

నిన్న కంప్యూటర్ ముందు కూర్చుని కాగితం టైపు చేయబోయాను. మూడో పేరుకి గడి నిజంగానే లేదు, నేను అబద్ధం చెప్పలేదు. ఇంటిపేరు గడిలోనే ఖాళీ వదిలి రెండు పేర్లూ కొడితే ఒప్పుకుంది. అంత పనే, అక్కా. ఇన్నాళ్ళూ అంత పనే.

అయినా ఆ కాగితం పక్కన పెట్టి సిరాతో చేతిరాతలో రాశాను. కార్యాలయం ముద్ర వేయించాను. కింద ఉన్నది దాని నకలు. పెద్దమ్మకి ముందే చూపించు. ఇంకేమైనా మార్చమంటే మారుస్తాను.

"జోర్డీ మెయిర్ బాబిన్, మగపిల్లి, బూడిద చారలు, శ్రీమతి లిజ్జీ మెయిర్ బాబిన్ ఇంటివాడు. ఇతని నెత్తురు మూడుసార్లు పరీక్షించాను. వైరస్ లేదు. ఎప్పుడూ లేదు. పేరు సగమే రాసిన నా కాగితం వల్ల, అడగకుండా వేసిన సూది వల్ల ఇతను చనిపోయాడు. ఈ వైరస్ ఏ పిల్లి నుంచీ మనిషికి రాదు. ఎల్స్‌పెత్ మెయిర్ డీకన్."

రన్సీ చదివితే నా మీద ఫిర్యాదు చేస్తాడేమో. చేయనీ. వచ్చే శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. పెద్దమ్మకి ఏం తేవాలో తోచడం లేదు. ఏమన్నా తేవచ్చా?

ఎల్సీ


పోర్ట్‌నాకీ,
మార్చి 29

ఎల్సీ,

ఏమీ తేకు.

నకలు పెద్దమ్మకి చూపించాను. కిటికీ దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. డీకన్ కాళ్ళకి చుట్టుకుంటుంటే కర్రతో మెల్లగా పక్కకి నెట్టింది, మళ్ళీ చదివింది. ఏమీ మార్చమనలేదు. నీ సంతకం మీద వేలు పెట్టి, "ఇంత చక్కగా రాయడం వచ్చుగా దీనికి. ఇదే ముందు రాసుంటే నా వాడు ఇంట్లో ఉండేవాడు" అంది.

నేనేం మాట్లాడలేదు. నువ్వు కూడా వచ్చి ఏం మాట్లాడకు. నాకు ఇంకా కోపం తగ్గలేదు, ఆవిడకి తగ్గదు. బస్సు దిగి నా గదికి రాకు, నేరుగా కొట్టు దగ్గరికి రా. ఆవిడ అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంటానంది. జిగురు నేను తెస్తాను.

ఐనా